స్క్రీన్ మీద అందరం ఇంట్లోనే ఉన్నాం

చిన్నపిల్లల బడిలో టీచరు కంటే గొప్పది, తల్లి కంటే నమ్మకమైనది, దేవుడి కంటే కాస్త మాత్రమే తక్కువైనది ఒకటుంది. గోడకి తగిలించిన స్క్రీన్!

నవ్వకండి. పొయ్యి ఆర్పానో లేదోనని బస్టాపు దాకా వెళ్ళి కూడా వెనక్కొచ్చి చూసుకునే మనిషిని నేను. నాలాంటిది ఒక వస్తువుని నమ్మిందంటే ఆ వస్తువు ఎంత గట్టిదై ఉండాలి?

కెనడాలోని మా థండర్ బేలో, మా వీధి చివరి బడిలో, కిండర్‌గార్టెన్ పిల్లలకి నేను కథలు చదువుతుంటాను. జీతం లేదు, కాఫీ ఉంది. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. సూపు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. డబ్బా మీద బఠాణీ అని ఉంటే లోపల బఠాణీయే ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆనాటి నుంచి, పైన ఏం కనిపిస్తే లోపల అదే ఉంటుందని నా నమ్మకం.

మా అమ్మాయి కూతురు సైమి అదే క్లాసులో టీచరు పని నేర్చుకుంది. ఇక మిగిలింది ఒక్కటే గండం. కాలేజీ నుంచి ప్రొఫెసరు వచ్చి, క్లాసులో కూర్చుని, పిల్ల పాఠం చెప్పడం చూసి "సరే" అనాలి. అంటే టీచరవుతుంది. అనకపోతే ఇంకో ఏడాది ఇక్కడే.

అయితే ఆ "సరే"కి ఒక తోక ఉంది. ఉద్యోగం ఇస్తామన్నది ఉత్తరాన, విమానం తప్ప వేరే దారి లేని ఊళ్ళో. అందుకని నేను రోజూ రెండు ప్రార్థనలు చేసేదాన్ని. పిల్ల గెలవాలని గట్టిగా ఒకటి. మెల్లగా ఇంకొకటి. ఆ రెండోది ఏమిటని అడగకండి, దేవుడు కూడా అడగలేదు.

సరే, స్క్రీన్ సంగతికి వద్దాం.

దాని మీద రెండు ఇళ్ళ బొమ్మలుంటాయి. ఎర్ర కప్పుది ఇల్లు, నీలం కప్పుది బడి. క్లాసులో ప్రతివాళ్ళకీ ఒక ఫోటో. పొద్దున్న రాగానే ఎవరి ఫోటోని వాళ్ళు వేలితో ఎర్ర కప్పు కింద నుంచి నీలం కప్పు కిందికి జరుపుకోవాలి. గంట మోగుతుంది, చప్పట్లు వినిపిస్తాయి. హాజరు పూర్తి! సాయంత్రం మళ్ళీ వెనక్కి జరుపుకుని ఇంటికి.

ఎంత సుఖమో చూడండి! ఒకప్పుడు బడి గుమ్మంలో పిల్లలు తల్లుల కాళ్ళకి చుట్టుకుపోయేవాళ్ళు. కోటు గుండీలు తెగేవి. ముక్కులు, కళ్ళు, మంచు అన్నీ కలిసి ఒకటే తడి. ఇప్పుడు? తల్లి వంగి ముద్దు పెట్టేలోపే పిల్ల స్క్రీన్ దగ్గరికి పరుగు. వెనక్కి చూడటం లేదు. పాపం ఆ తల్లి కాసేపు నిలబడి, ఊపిన చేతికి జవాబు రాకపోతే, ఆ చేత్తోనే టోపీ సర్దుకుని వెళ్ళిపోతుంది.

ఈ సౌకర్యం మా రోజుల్లో ఉంటేనా! మా ఆయన అడివిలో చెట్లు కొట్టే పనికి వెళ్ళిన చివరి రోజున ఆయన టోపీ మంచులో చుక్కంత అయ్యేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. ఎంత టైము దండగ! ఇల్లంతా చలి. స్క్రీన్ ఉంటే వేలితో ఒక్కసారి జరిపేసి, వచ్చి రొట్టె పిండి పిసుక్కునేదాన్ని కదా?

కోపానికి కూడా అందులో మందుంది. కోపమొస్తే ఎలుగుబంటి బొమ్మ నొక్కాలి, అది ఊపిరి పీల్చి వదులుతుంది, మనమూ పీల్చి వదలాలి. డెస్మండ్ అనే ఘనుడు ముందు ఎలుగుబంటిని నొక్కి, చక్కగా ఊపిరి పీల్చి, ఆ తర్వాత పక్కపిల్లాడి చెవి కొరికాడు.

"ఎందుకు కొరికావురా?" అని సైమి అడిగితే, "కోపంతో కాదు టీచర్, నేను ముందే శాంతించాను," అన్నాడు.

అదీ పెంపకమంటే!

స్క్రీన్‌లో నా ఫోటో కూడా ఉంది. కానీ నా వేలంటే దానికి గిట్టదు. ముసలి వేళ్ళు ఎండిపోతాయి కదా, ఎన్నిసార్లు తాకినా మనిషి తాకినట్టే ఉండదు దానికి. పొద్దున్నే నేను కళ్ళెదుట నిలబడి ఉన్నా, లూమి అనే ఐదేళ్ళ పిల్ల స్క్రీన్ వంక చూసి, "నువ్వింకా రాలేదవ్వా," అనేది. తర్వాత జాలిపడి, తన వేలు నాలుకతో తడి చేసుకుని, నా ఫోటోని నీలం కప్పు కిందికి లాగేది. "ఇప్పుడొచ్చావు. కూర్చో."

ఇక పరీక్ష రోజు వచ్చింది. ప్రొఫెసర్ గ్రిమ్‌షా గారు మంచు బూట్లు గుమ్మంలో విప్పారు గానీ, లోపల వేసుకునే చెప్పులు తెచ్చుకోవడం మరిచారు. బూడిదరంగు సాక్సులతో పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. సైమి గిన్నెలో మంచు తెచ్చి, అది ఎలా కరుగుతుందో చూపించబోతోంది.

అప్పుడు మోగింది గంట. చప్పట్లు వినిపించాయి. స్క్రీన్ మీద అందరి ఫోటోలూ వాటంతటవే ఎర్ర కప్పు కిందికి ఉరికాయి. అక్కడే బిగుసుకుపోయాయి.



"ఇంటికొచ్చేశాం," అంది లూమి.

డెస్మండ్ లోపల వేసుకునే బూట్లు విప్పేశాడు. "అవును ఇల్లే. చూడు, ఆయన కూడా సాక్సుల్లోనే ఉన్నాడు!"

ఇంత గట్టి సాక్ష్యం దొరికాక ఇంకేం కావాలి? అందరి బూట్లూ ఊడిపోయాయి. డబ్బాలు తెరిచి మధ్యాహ్నం తినాల్సినవి తినేశారు. ఒకడు బల్లకింద దూరి పడుకున్నాడు. ఇంకొకతె వచ్చి, "అవ్వా, టీవీ రిమోట్ ఎక్కడ దాచావు?" అని నా ఒడి వెతికింది.

"పిల్లలూ, మీరు బడిలోనే ఉన్నారు," అన్నారు ప్రొఫెసరు గారు.

"నువ్వెవరు?" అంది లూమి. "నీకు ఫోటో లేదు."

"ఫోటో లేకపోతే రాలేదన్నట్టే," అని తీర్పు చెప్పాడు డెస్మండ్.

రానివాడితో మాటలేమిటి? ఆయన భుజాల మీద తడి చేతితొడుగులు ఆరేశారు. ఆయన పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చున్నారు, నిజంగానే రాలేదేమోనని తనకే అనుమానం వచ్చినట్టు.

సైమి స్క్రీన్‌ని నొక్కింది, తట్టింది, బతిమాలింది. నా వంక చూసింది. నేను కాఫీ కప్పులోకి చూశాను. నా మెల్ల ప్రార్థన ఫలించబోతోంది మరి!

అప్పుడు లూమి అడిగింది: "ఇల్లయితే, అమ్మేది?"

అంతే. ముందు లూమి, తర్వాత బల్లకింద పిల్లాడు, తర్వాత శాంతించి ఉన్న డెస్మండ్. బడి తెరిచిన సెప్టెంబరు నుంచి ఒక్కరూ ఏడవలేదని బడి గర్వంగా చెప్పుకుంటోంది కదా, ఆ ఏడుపంతా ఎక్కడికీ పోలేదు, ఒక్కచోటే నిలవ ఉంది. ఇప్పుడు గేటు తెరుచుకుంది!

సైమి వెళ్ళి స్క్రీన్ ఆపేసింది. తలుపు బార్లా తీసింది.

"బూట్లు వేసుకోండి. బడికి టైమైంది."

ఏడుస్తూనే వేసుకున్నారు. అందరినీ వరండాలో కిటికీ దగ్గర నిలబెట్టింది. "ముందు అమ్మకి చెయ్యి ఊపండి."

"అమ్మ వెళ్ళిపోయిందిగా," అంది లూమి.

"వెళ్ళిపోయినా ఊపొచ్చు. పొద్దున్న ఊపలేదుగా."

ఖాళీగా ఉన్న మంచు వైపు పిల్లలంతా చేతులు ఊపారు. నేనూ ఊపాను. నేనెవరికి ఊపానో నన్నడగకండి.

తర్వాత సైమి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, లోపలికి తీసుకుంది. మధ్యాహ్నం దాకా అదే పని. గిన్నెలో మంచు, చూసేవాళ్ళు లేకపోయినా, దాని మానాన అది కరిగిపోయింది.

చివర్న వరండాలో చేతితొడుగులతో ప్రొఫెసరు గారొక్కరే మిగిలారు.

"రండి సార్," అంది సైమి చెయ్యి చాపి. "అమ్మకి ఊపారా?"

అరవైకి దగ్గర పడుతున్న మనిషి. కిటికీ వైపు తిరిగి, చెయ్యి ఊపి లోపలికి వచ్చారు.

పిల్ల గెలిచింది. సాంకేతిక పరికరాల వాడకంలో పూర్తి మార్కులు. "స్విచ్చి ఎక్కడుందో తెలుసు," అని రాశారు.

స్విచ్చి అవతల ఏముందో మాత్రం ఆయన చూడలేదు. విమానం ఉంది.

విమానాశ్రయంలో ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు కూర్చునే గది మా బడి భోజనాల గదికంటే చిన్నది. సైమి నా ఫోన్ తీసుకుని, అందులో ఎర్ర కప్పు ఇల్లొకటి, నీలం కప్పు బడొకటి పెట్టి, తన ఫోటో ఎర్ర కప్పు కింద ఉంచింది.

"ఏడవకు అమ్మమ్మా. నేను దిగానని చెప్పగానే వేలితో ఇలా జరిపెయ్. అంతే!"

"అంతేనా?"

"అంతేనే, పిచ్చి అమ్మమ్మా," అంది. అని మూడుసార్లు వెనక్కి చూసింది. చెయ్యి ఊపింది. టైము దండగ చేసే పిల్ల!

దిగానని ఫోన్ చేసింది. నేను వేలితో జరిపాను. జరగలేదు. మళ్ళీ జరిపాను. ముసలి వేలు కదా.

అందుకే అంటున్నాను, స్క్రీన్ అంత నమ్మకమైన వస్తువు లోకంలో లేదని. అందులో మా సైమి ఇంకా ఎర్ర కప్పు కిందే ఉంది. కాఫీ రెండు కప్పుల్లో పోశాను. పిలిస్తే పలకడం లేదు గానీ, ఇంట్లోనే ఉంది. పైన కనిపిస్తోంది కదా!

లూమిని మాత్రం నా ఫోన్ దరిదాపులకి రానివ్వడం లేదు. ఆ పిల్లకి వేలు తడి చేసుకోవడం తెలుసు.