కంప్యూటర్లో కుట్టిన డ్రెస్సు

ఆ గురువారం ఉదయం అవినాష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొడుకుని స్కూలు బస్సెక్కించాలి, అమ్మ వేసిన పెసరట్టు తినాలి, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లు పేరుకోకముందే హైటెక్ సిటీలోని ఆఫీసులో పడాలి. పెసరట్టు సగంలో ఉండగా భార్య ఉమాశ్రీ ఫోను పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"సూపర్ హీరో డే ఫోటో పంపావా?"

"ఏ సూపర్ హీరో?"

"స్కూలు యాప్‌లో వారం నుంచీ ఉంది. పిల్లలు సొంతంగా ఒక సూపర్ హీరోని ఊహించుకోవాలట. డ్రెస్సు ఇంట్లోనే కుట్టాలట. కొన్నదీ అద్దెకు తెచ్చిందీ పనికిరావట. అది వేసుకున్న ఫోటో ఇవాళ పొద్దున్నే పెట్టేయాలి. నువ్వు చూశావనుకున్నా."

"నేనూ నువ్వు చూశావనుకున్నా."

ఇద్దరు ఉద్యోగస్తులున్న ఇంట్లో ఒక పని ఆగిపోవడానికి ఈ మాత్రం చాలు. యూకేజీ చదువుతున్న జశ్వంత్ మాత్రం సిద్ధంగానే ఉన్నాడు. తను లిఫ్ట్ మ్యాన్. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్ని భుజం మీద మోసి పై అంతస్తుకు చేరుస్తాడు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో అలాంటి వీరుడి అవసరం రోజూ ఉంది.

అవినాష్ ఉద్యోగం యాప్‌లకు బొమ్మలు గీయడం. లేని వస్తువును ఉన్నట్టు చూపించడంలో చెయ్యి తిరిగినవాడు. బనియనూ నిక్కరూ వేసుకున్న కొడుకుని కుర్చీ మీద నిలబెట్టి ఫోటో తీసి, ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫోటో మీద నీలం చొక్కా, ప్యాంటూ గీశాడు, ఛాతీ మీద పైకి చూసే బాణం పెట్టాడు. కానీ డ్రెస్సు మరీ తళతళలాడింది. చూడగానే అబద్ధమని తెలిసిపోతోంది. నిజంలా కనిపించాలంటే లోపాలుండాలని అతనికి వృత్తి నేర్పింది. అందుకని మోకాళ్ల దగ్గర ముడతలు పెట్టాడు. భుజం మీద కుట్టును కాస్త వంకర చేశాడు. ఒక దారప్పోగును వేలాడదీశాడు. బాల్కనీలో ఆరేసిన అమ్మ వెంకటగిరి చీరను ఫోటో తీసి, దాన్నే కేప్‌గా అతికించాడు. మామిడిపండు రంగు కేప్ జరీ అంచుతో సహా బుజ్జి భుజాల మీంచి జారింది. తన పని తనకే ముద్దొచ్చింది.

ఆ ఫోటో చూసి అతని తల్లి వీరలక్ష్మి గరిటె అక్కడే వదిలేసింది.

"ఏరా, నా చీర కోసేశావా?" అంటూ బాల్కనీలోకి పరుగెత్తింది.

చీర తీగ మీద హాయిగా ఊగుతోంది. ఆమె దాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు తడిమి, వెనక్కి వచ్చి మళ్లీ ఫోటో చూసింది. కాకినాడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగమంతా దొంగ దస్తావేజులు పట్టుకున్న మనిషి.

"నా కళ్లనే మోసం చేశావంటే మామూలోడివి కాదురా," అంది. అందులో మెచ్చుకోలు ఎంతో, మందలింపు ఎంతో అవినాష్‌కి తెలియలేదు.

ఫోటో యాప్‌లో పెట్టేసి వెళ్లిన అతను ఆఫీసులో మీటింగులో ఉండగా తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మోగింది. క్లాస్ టీచర్ రూబీ రాసింది: "ఆ కుట్లు, ఆ కేప్... ఎంత సహజంగా ఉన్నాయో! ఎవరు కుట్టారండీ?" అవతల మేనేజరు ఏదో అడుగుతున్నాడు. అవినాష్ బల్ల కింద ఫోను పెట్టుకుని రెండే మాటలు కొట్టాడు. "మా అమ్మ."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సోఫాలో ముగ్గురు ఆడవాళ్లు కాఫీ తాగుతున్నారు. అందరూ జశ్వంత్ క్లాసు పిల్లల తల్లులే. పక్క బ్లాకులో ఉండే ప్రవళిక లేచి నిలబడింది.

"ఏందన్నా, ఆంటీ చేతుల గింత పనితనం ఉందని చెప్పనే లేదు! శనివారం పిల్లలందరు ఫోటోల ఉన్న డ్రెస్సులే ఏసుకొని స్టేజి ఎక్కాల్నని మేడం మెసేజ్ పెట్టింది, చూసినవా? మా పిల్ల డ్రెస్సు జర చినిగింది. ఆంటీతోని ఇంకోటి కుట్టిచ్చుకుందమని వచ్చిన."

రెండో ఆవిడ బాబు డ్రెస్సు ఉతికితే కుంచించుకుపోయిందట. మూడో ఆవిడ ఇంట్లో డ్రెస్సును కుక్క కొరికేసిందట. ఒక్క రోజులో ఇన్ని ఆపదలా అని అవినాష్ జాలిపడ్డాడు. వీరలక్ష్మి ఔననకుండా, కాదనకుండా "చూద్దాంలేమ్మా" అని వాళ్లను లిఫ్టు దాకా సాగనంపి వచ్చి, కొడుకు ఎదురుగా కూర్చుంది.

"నేను కుట్టానని చెప్పావట."

"ఏదో మీటింగులో ఉండి..."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు కదరా. హుక్కు ఊడితే మీ నాన్నగారే కుట్టేవారు."

"తప్పేనమ్మా. ఇప్పుడే గ్రూపులో నిజం రాసేస్తాను."

ఆమె వెంటనే సరే అంటుందనుకున్నాడు. ఆమె ఖాళీ కాఫీ గ్లాసులు మూడింటినీ దగ్గరకు జరుపుకుంది.

"ఇక్కడికొచ్చి ఏడాదైంది. లిఫ్టులో అందరూ ఫోను వంక చూసేవాళ్లే. ఇవాళ ముగ్గురొచ్చి కూర్చున్నారు. నా పేరేంటని అడిగారు. నిజం చెబితే మళ్లీ రారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

అవినాష్ ఆ గ్లాసుల వంక చూశాడు. అమ్మ ఏమీ అడగడం లేదు కాబట్టి ఆమెకు ఏ లోటూ లేదనుకున్నాడు ఇన్నాళ్లూ.

"ఏం చేద్దామంటావు మరి?"

"కుడదాం. అన్న మాట నిజం చేస్తే సగం పాపమన్నా పోతుంది."

శుక్రవారం అవినాష్ ఇంటి నుంచి పనిచేస్తానని ఆఫీసుకు చెప్పాడు. చేసిన పని మాత్రం ఆఫీసుది కాదు. ఉమాశ్రీ తన పాత నీలం చుడీదారు ఇచ్చి ఆఫీసుకు వెళ్లిపోయింది. కేప్‌కి దుప్పటి ముక్క చాలునని అవినాష్ ఎంత చెప్పినా వీరలక్ష్మి వినలేదు.

"ఫోటోలో ఉన్నది నా చీర. కాగితం మీద ఒకటీ, స్థలం మీద ఒకటీ ఉంటే నేను ఒప్పుకోను," అంది. కత్తెర పెట్టే ముందు ఆ చీరను ఒకసారి చెంపకు ఆనించుకుంది. తరవాత పర్రుమని కోసేసింది.

వేలికొసతో క్షణంలో వంకర కుట్టు వేసినవాడికి, సూది చేతబట్టాక తిన్నని కుట్టు ఒక్కటీ పడలేదు. చొక్కా కుడిచెయ్యిని ఎడమవైపు కుట్టాడు. విప్పాడు, మళ్లీ కుట్టాడు. కంప్యూటర్లో తప్పు చేస్తే ఒక్క మీట నొక్కి వెనక్కి పోవచ్చు. గుడ్డకు ఆ సౌకర్యం లేదు, కోసింది కోసినట్టే ఉంటుంది.

"ఈ సూదే మంచిది కాదమ్మా."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే."

అమ్మ వేళ్లకూ అన్నే పోట్లు పడ్డాయి. అయినా ఆమె అంత నవ్వగా అతను ఈ ఊళ్లో ఎప్పుడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆఫీసు ఫోను రెండుసార్లు మోగినా అతను లేవలేదు.

శనివారం స్కూల్లో, స్టేజి వెనక పెద్ద తెర మీద ఒక్కో పిల్లవాడి ఫోటో వేస్తున్నారు. దాని ముందు నుంచి ఆ పిల్లవాడు నడవాలి. తమ డ్రెస్సు ఫోటోకి సరితూగదని అవినాష్ భయపడుతున్నాడు. మొదటి ఫోటోలో వెండి కవచం ధగధగలాడింది. దాని ముందుకు ఒక బాబు స్నానం తువ్వాలు కప్పుకుని వచ్చాడు. రెండో ఫోటోలో ఈకల రెక్కలు. స్టేజి మీద రెండు న్యూస్ పేపర్లు. ప్రవళిక కూతురు ఫోటోలో తారల గౌను, స్టేజి మీద వాళ్లమ్మ చున్నీ. హాలంతా ఐటీ ఉద్యోగులే. తేలు కుట్టిన దొంగల్లా ఎవరి బిడ్డను వాళ్లు చూసుకుంటున్నారు తప్ప పక్కకు తిరగడం లేదు.

ప్రవళిక అవినాష్ వైపు వంగింది. "మా ఆయన సుత ఫోన్లనే కుట్టిండన్నా. గందుకే ఆంటీ తాన్కి ఉరుక్కుంట వచ్చినం."

అప్పుడు జశ్వంత్ వచ్చాడు. తెర మీద వంకర కుట్టు. స్టేజి మీద అంతకంటే వంకర కుట్టు. రెండు చోట్లా అదే మామిడిపండు కేప్. హాలు చప్పట్లతో మారుమోగింది. రూబీ టీచర్ ఒక చిన్న కప్పు వాడి చేతిలో పెట్టి, మైకులో చెప్పింది: "ఫోటోలో కంప్యూటర్ మాయ చేయని ఒకే ఒక్క కుటుంబమండీ! నాన్నమ్మగారు కూడా రావాలి!"

వీరలక్ష్మి నడిచి వెళ్లి మైకు తీసుకుంది.

"ఈ డ్రెస్సు నిన్న కుట్టామండి. ఫోటో మొన్నటిది. దాన్ని మావాడు కంప్యూటర్లో చేశాడు. నాకసలు కుట్టడమే రాదు. మీ కప్పు మీరు తీసేసుకోండి."

ఆమె ప్రవళిక కూర్చున్న వరుస వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆ చూపు అవినాష్‌కి అర్థమైంది. లేచి స్టేజి మీదికి పోబోయాడు. అంతలో ప్రవళికే లేచింది.

"మాది సుత కంప్యూటర్‌దే ఆంటీ! కుక్క లేదు, చినుగుడు లేదు!"

తువ్వాలు బాబు తండ్రి బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. తరవాత రెక్కల పాప తండ్రి. ఆ తరవాత లెక్కపెట్టడం ఎవరివల్లా కాలేదు. హాలంతా నవ్వులే. కప్పు కోసం రూబీ చెయ్యి చాచింది. జశ్వంత్ వెనక్కి దాచుకున్నాడు.

"నేను ఎడిట్ చెయ్యలేదు కదా టీచర్!"

రూబీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆదివారం సాయంత్రం ఆ ముగ్గురూ గుడ్డలూ సూదులూ పట్టుకుని మళ్లీ వచ్చారు. ఒక్కరికీ కుట్టడం రాదు. వీరలక్ష్మి తనకు శుక్రవారం వచ్చినంత విద్యా వాళ్లకు నేర్పింది. అవినాష్ రెండుసార్లు కాఫీ కలిపి ఇచ్చాడు, సంతోషంగానే.

సోమవారం స్కూలు యాప్‌లో కొత్త సూచన వచ్చింది: "ఇకమీదట ఫోటోలు స్వీకరించబడవు. వీడియోలు మాత్రమే పంపగలరు."