ఏడు మౌనాల్లో ఒక తగవు

ఆకలేసింది కదా అని భోజనానికి కూర్చునే మోటు అలవాటును మానవజాతి ఏదో ఒకనాడు వదిలించుకోక తప్పదు. మెక్సికోలోని మా వహాకా నగరం ఆ పని ఇప్పటికే చేసేసింది. సాంతో దొమింగో చర్చికి నాలుగు వీధుల అవతల, ఒకప్పుడు గుర్రపు జీనులు కుట్టిన పాత ఇంట్లో ‘ఏడు మౌనాలు’ అనే భోజనశాల వెలిసింది. (దాన్ని భోజనశాల అనకూడదు, అనుభవస్థలం అనాలి. వంటగదిని మూలస్థలం అనాలి. వడ్డించేవాళ్లు సహయాత్రికులు. ఆకలి అనే మాట ఆ ఆవరణలో వాడరాదు.) అక్కడ ఏడు చిన్న పళ్లేలు వస్తాయి. ఒక్కో పళ్లెం ఒక్కో అధ్యాయం. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య గుక్కెడు మెస్కాలు సారా, దానికి ముందు ఆ మెస్కాలు ఏ కిత్తలి మొక్కలోంచి దిగిందో ఆ మొక్క జీవితచరిత్ర.

నేను పౌర నమోదు కార్యాలయంలో ఇరవై మూడేళ్లుగా జనన మరణాలకు ముద్రలు వేస్తున్నవాణ్ణి. నియమం అంటే నాకు భక్తి. అందుకే మా అత్తగారు దోన్యా సెనోబియాకు డెబ్బై నిండిన రోజున మధ్యాహ్న భోజనానికి ఆవిణ్ణి ‘ఏడు మౌనాలు’కే తీసుకెళ్లాలని నా భార్య రెమెదియోస్ అన్నప్పుడు, దరఖాస్తు నింపే పని సంతోషంగా నేనే తీసుకున్నాను.

దరఖాస్తులో పదకొండు ప్రశ్నలు. ‘ఈ భోజనం నుంచి మీరు ఏమి ఆశిస్తున్నారు?’ అన్నదానికి మా అత్తగారు ‘భోజనం’ అని రాయించారు. మర్నాడు తిరస్కరణ వచ్చింది. ‘నన్ను నేను వెతుక్కోవాలని’ అని మార్చి పంపాను. రెండు నిమిషాల్లో ఆమోదించారు.

మొదటి అధ్యాయంగా నల్లరాయి మీద ఒక మిడత వచ్చింది. రాయి తినవలసినది కాదని సహయాత్రికుడు మర్యాదగా హెచ్చరించాడు. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఆ రాయి చుట్టూ చూశారు.

“ఒక్కటేనా నాయనా? మిగతావి ఎగిరిపోయాయా?”

“ఏకాకితనమే ఈ అధ్యాయం సెన్యోరా,” అన్నాడతను.

తరవాత మెస్కాలు సలహాదారు వచ్చాడు. కొండవాలు మీద పద్నాలుగేళ్లు ఒంటరిగా ఎదిగిన ఒక కిత్తలి గురించి చాలాసేపు చెప్పాడు. ఆ మొక్క ఎంత కష్టపడిందో వింటుంటే నా భార్యకు కళ్లు చెమర్చాయి. ఆ మెస్కాలును తాగకూడదట, ముద్దు పెట్టుకున్నట్టు పెదవులకు తగిలించాలట. అతను ఆ మాట ముగించేలోగా మా అత్తగారి పాత్ర ఖాళీ అయింది. జలుబు చేసినప్పుడు మా మామగారు దీన్నే ఛాతీకి రుద్దేవారని చెప్పి, ఇంకొంచెం పొయ్యమన్నారు. రెండోసారి పోయాలంటే ఇంకో మొక్క కథ వినవలసి ఉంటుందని సలహాదారు చెప్పాడు. ఆవిడ విన్నారు.

రెండో అధ్యాయం గాజుబుడ్డి కింద పొగ. బుడ్డి ఎత్తితే పొగ పోయింది, కింద ఏమీ లేదు. అదే రెండో అధ్యాయం. మూడో అధ్యాయం వచ్చేసరికి ఆవిడ ఒక్క తోర్తియా అడిగారు. మొక్కజొన్న రొట్టె లేకుండా ఆవిడ డెబ్బై ఏళ్లలో ఏ పూటా భోజనం చేయలేదు. తోర్తియా ఆరో అధ్యాయంలో వస్తుందనీ, ముందుగా కావాలంటే అధ్యాయక్రమ సడలింపు కోరుతూ విడిగా రాసివ్వాలనీ సహయాత్రికుడు చెప్పాడు. (రాసిచ్చాను. సమాధానం ఇంకా రాలేదు.)

ఐదో అధ్యాయం పేరు స్మృతి. వెడల్పాటి తెల్ల పళ్లెంలో చెంచాడు నల్ల మోలెను వేలితో పూసినట్టు పూసి తెచ్చారు. ఎండుమిరపకాయలు, నువ్వులు, చాక్లెట్టు, ఇంకా ఇంట్లో కనిపించినవన్నీ వేయించి, రెండు రోజులు నూరి, మూడో రోజు తిట్టుకుంటూ కలిపే ఆ మోలె లేకుండా మా ఊళ్లో పెళ్లీ జరగదు, చావూ జరగదు. మా అత్తగారు చెంచా పక్కనపెట్టి వేలితోనే తీసి నాలిక మీద వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. మళ్లీ తీసుకున్నారు.

“ఇది ఒతీలియా చెయ్యి,” అన్నారు.

రెమెదియోస్ నా మోచెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో ఆ పేరు పలికి పంతొమ్మిదేళ్లయింది.

ఒతీలియా మా అత్తగారి ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్లమ్మ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనలకు మోలె చేసింది చెల్లెలు. వచ్చినవాళ్లంతా ఆహా అంటుంటే, చిక్కదనం కోసం ఒతీలియా అందులో చిన్నపిల్లలు తినే జంతువుల ఆకారపు బిస్కెట్లు నూరి కలుపుతుందని మా అత్తగారు అరవైమంది ముందు చెప్పేశారు. నిజమే చెప్పారు. ఆ సాయంత్రమే ఒతీలియా వాళ్లమ్మ రుబ్బురాయిని బండిలో వేసుకుని వెళ్లిపోయింది. మా అమ్మాయి జ్ఞానస్నానానికి ఆవిడ రాలేదు, మా మామగారి ఖననానికి రాలేదు. ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో మాకు తెలియదు. మరణాల పుస్తకంలో ఆ పేరు రాలేదని నాకు మాత్రం తెలుసు. ప్రతి సోమవారం చూసేవాణ్ణి, ఇంట్లో చెప్పలేదు.

ఈ మోలె ఎవరు చేశారని మా అత్తగారు సహయాత్రికుణ్ణి అడిగారు. అమ్మమ్మ చేసిందన్నాడు. ఎవరి అమ్మమ్మ అంటే, అందరి అమ్మమ్మ అన్నాడు.

“ఆవిణ్ణి ఒకసారి పిలువు నాయనా.”

“కుదరదు సెన్యోరా. అమ్మమ్మ అనేది ఒక భావన.”

“భావన అయితే బిస్కెట్లెందుకు వేసింది?”

ఇది తన పరిధి దాటిన ప్రశ్న అని గ్రహించి అతను అనుభూతుల సంచాలకురాలిని తీసుకొచ్చాడు. మారిక్రూస్ ఒర్దాస్ అనే ఆవిడ, నారబట్టల్లో, చాలా ప్రశాంతంగా ఉంది. మూలస్థలంలో ఉన్నవాళ్లను కలవడానికి వేరే పత్రం ఉందని చెప్పి తెచ్చి ఇచ్చింది. కారణం అన్న చోట మూడు గళ్లున్నాయి: కృతజ్ఞత, వృత్తిపరమైన ఆసక్తి, ఛాయాచిత్రం. చెల్లెలు అన్న గడి లేదు. ‘ఇతరములు’ అన్నదైనా పెట్టాలి కదా అని నేను వృత్తిరీత్యా ఒక సూచన చేశాను. ఆవిడ దాన్ని రాసుకుంది.

మా అత్తగారు పత్రాన్ని మడిచి బల్ల కాలు కింద పెట్టారు (బల్ల కొంచెం ఊగుతోంది). తరవాత కూర్చున్నచోటే ఉండి, గొంతు కాస్త పెంచి, ఎదురుగా ఉన్న మట్టిగోడతో మాట్లాడారు.

“ఒతీలియా. బిస్కెట్లు ఇంకా మానలేదా నువ్వు.”

గోడ అవతల గరిటె చప్పుడు ఆగింది. అంతసేపూ మేము గోడ అనుకున్నది తలుపయి తెరుచుకుంది. నడుముకు గుడ్డ కట్టుకున్న పొట్టి మనిషి, మోచేతుల దాకా మసితో బయటికొచ్చింది. ముఖం మా అత్తగారిదే, నాలుగేళ్లు తక్కువ.

“పంతొమ్మిదేళ్ల తరవాత కనిపించి ముందు అడిగేది ఇదా అక్కా?”

“మాడ్చావు కూడాను. గింజలు ఎక్కువ వేగాయి.”

“అమ్మ అలాగే వేయించేది.”

“ఆఖర్లో అమ్మకి వాసన తెలిసేది కాదే. నీకెలా తెలుస్తుంది? నువ్వు వచ్చింది రుబ్బురాయి కోసం.”

ఒతీలియా చేతులు గుడ్డకు తుడుచుకుంది. అవి శుభ్రపడలేదు, అయినా తుడుస్తూనే ఉంది.

“ఆ ఇంట్లో అమ్మ చేతులు అరగదీసింది అదొక్కటే కదక్కా. అందుకు తెచ్చుకున్నా. నువ్వు అంతమందిలో నన్ను బిస్కెట్లదాన్ని చేశావు. అమ్మ మట్టి ఇంకా ఆరనేలేదు.”

మా అత్తగారు పళ్లెంలో మిగిలిన మోలెను వేలితో పూర్తిగా తీసి తిన్నారు.

“కాళ్లు వాచాయి నీకు. కూర్చో.”

నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఒతీలియా కూర్చుని, నడుము గుడ్డ మడతలోంచి వేడి తోర్తియా ఒకటి తీసి రెండుగా చింపి సగం అక్కకు ఇచ్చింది. (అది అధ్యాయక్రమానికి విరుద్ధం. ఎవరూ ఆపలేదు.) ఇద్దరూ తలలు వంచుకుని నమిలారు. రెమెదియోస్ వాళ్లిద్దరి మధ్య మోకాళ్ల మీద కూర్చుని పిన్ని ఒళ్లో తల పెట్టుకుంది.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. మోంతెర్రెయ్ నగరం నుంచి వచ్చిన దంపతులు లేచి నిలబడ్డారు. మూలబల్ల దగ్గర ఒకాయన కళ్లు తుడుచుకుంటూ ఇది ఎన్నో అధ్యాయమని అడిగాడు. మారిక్రూస్ గారు క్షణం ఆలోచించి, ఎనిమిదోదని చెప్పింది.

వారం తిరిగేసరికి ఎనిమిదో అధ్యాయానికి రక్తం అని పేరు పెట్టారు. అక్కాచెల్లెళ్లు వారానికి ఆరు రోజులు, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగున్నరకు ఒకసారి తగవుపడాలి. నేను వద్దన్నాను. మా అత్తగారు వినలేదు. ఒతీలియా ఇల్లు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి, తన మోకాళ్లకు అది అయ్యే పని కాదు. ఇక్కడైతే కారు పంపుతారు, రోజూ చెల్లెల్ని చూడొచ్చు. “తిట్టుకోవడం ఎంతసేపు అల్లుడూ, పావుగంట. మిగతా రోజంతా మాదే కదా,” అన్నారు.

మిగతా రోజు వాళ్లది కాదని ఒప్పందం మూడో పేజీలో ఉంది. ఆవరణలో ఇద్దరూ చేతులు పట్టుకోరాదు. ఒకే పళ్లెంలో తినరాదు. ఒకే కారులో దిగరాదు. కుశలప్రశ్నలు వేసుకోరాదు. నాటకాల దర్శకుడొకాయన రాజధాని నుంచి వచ్చి వారం రోజులు శిక్షణ ఇచ్చాడు. మా అత్తగారి కోపంలో వహాకా ప్రాంతపు లక్షణాలు తక్కువగా ఉన్నాయని ఆయన అభిప్రాయపడ్డాడు. (ఆవిడ పుట్టింది ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో. దీనికి నా దగ్గర ముద్ర వేసిన పత్రం ఉంది, చూపించాను. అది కోపానికి వర్తించదన్నాడు.)

వాళ్లు రహస్యంగా కూరగాయల గదిలో కలుసుకునేవారు. ఉల్లిపాయ బస్తాల మీద కూర్చుని, పంతొమ్మిదేళ్లలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరు ఎవరితో లేచిపోయారో వరసగా చెప్పుకునేవారు. ఇంటికొచ్చాక మా అత్తగారు చెల్లెలి మాటలు తలుచుకుని ఒంటరిగా నవ్వుకోవడం ఆ ఐదు నెలల్లో మేము తరచుగా చూశాం. మామగారు పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

అక్టోబరులో, తగవు నిఖార్సైనదో కాదో తేల్చే సత్యనిష్ఠ పరిశీలకుడు వచ్చాడు. డాక్టర్ బాల్తసార్ ఇనియెస్తా, సన్నటి మనిషి, పుస్తకంలో రాసుకుంటూ రెండు పూటలా చూశాడు. మొదటి పూట ‘అమ్మకి వాసన తెలిసేది కాదే’ అన్నచోట ఒతీలియా నవ్వు ఆపుకోలేకపోయింది. రెండో పూట తగవు మధ్యలో మా అత్తగారు చేయి చాచి, చెల్లెలి చెంప మీది మోలె మరకను తన శాలువా అంచుతో తుడిచారు. తుడిచి మళ్లీ తిట్టడం మొదలుపెట్టారు. కాని పరిశీలకుడు అప్పటికే రాసేశాడు. నివేదిక ఒకే వాక్యం: ‘పాత్రధారిణుల మధ్య ప్రేమ లక్షణాలు గమనించడమైనది.’

మర్నాడే ఇద్దర్నీ తొలగించారు. వాళ్ల స్థానంలో రాజధాని నుంచి ఇద్దరు నాటక విద్యార్థినులు వచ్చారు. తెల్లజుట్టు పెట్టుకుంటారు. అంతకు ముందు ఒకరికొకరు పరిచయం లేదు కాబట్టి వాళ్ల ద్వేషం చాలా స్వచ్ఛంగా ఉందని పత్రికలు మెచ్చుకున్నాయి.

మా ఇంట్లో పరిస్థితి ఇలా ఉంది. ఉద్యోగం పోయింది చెల్లెలి నవ్వు వల్ల అని అక్క అంది. శాలువా వల్ల అని చెల్లెలు అంది. నవ్విందెవరే అని అక్క, తుడవమన్నదెవరు అని చెల్లెలు. ఈసారి దర్శకుడి అవసరం రాలేదు. రుబ్బురాయి, తొమ్మిదో రోజు ప్రార్థనలు, బిస్కెట్లు, అన్నీ బయటికొచ్చాయి. ఒతీలియా రెండు బస్సులు మారి వెళ్లిపోయింది. మూడు వారాలైంది, మాటల్లేవు. మా అత్తగారు ఏమీ జరగనట్టు టీవీ చూస్తున్నారు. అది ఆపేసి ఉన్నా చూస్తున్నారు.

నేను నమోదు కార్యాలయంలో సెలవు పెట్టి మారిక్రూస్ గారి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు వాళ్ల మధ్య ప్రేమ లక్షణాలు ఏమీ లేవనీ, కావాలంటే ధ్రువపత్రం ఇస్తాననీ, తిరిగి తీసుకుంటే కనీసం పావుగంటైనా ఒకే గదిలో ఉంటారనీ విన్నవించాను. ఆవిడ ఎంతో సానుభూతితో విన్నది. నాకు నీళ్లు ఇప్పించింది. తరవాత సవరించిన నియమావళి తీసి, ఎనిమిదో అధ్యాయం కింద కొత్తగా చేర్చిన వాక్యం చూపించింది: ‘రక్తసంబంధీకులు ఈ పనికి అనర్హులు. బంధుత్వం వల్ల తగవు నాణ్యత దెబ్బతింటుంది.’

చదివాను. ముద్ర సరిగ్గానే ఉంది.