నాలుక పుండూ ఐదో సూత్రమూ

డబ్బాల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుని అందరూ జాగ్రత్త సారు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. గుమ్మం దాటుతుంటే జాగ్రత్త, మెట్టు దిగుతుంటే జాగ్రత్త, ఎవరైనా తుమ్మినా ఆయన నోట వచ్చేది అదే మాట. అలాంటి మనిషి ఆ పొద్దున అద్దం ముందు నోరు తెరుచుకుని, టార్చిలైటు వేసుకుని, తన నాలుక వంక తానే గుర్రుగా చూసుకుంటున్నాడు.

నాలుక ఎడమ అంచున కందిబద్దంత పుండు. నడుమ తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉంది. మాట్లాడబోతే చాలు, ప్రాణం జివ్వున లాగేస్తోంది.

ఆ రోజు ఏం చెయ్యాలో ఆయన వారం ముందే కాగితం మీద గీసుకున్నాడు. పదింటికి ఉపన్యాసం. పదిన్నరకి మూడో నంబరు ప్రెస్సు దగ్గర వాచ్‌మన్ కుప్పకూలినట్టు నటిస్తాడు. పనివాళ్లు అది పక్షవాతమని గుర్తుపట్టి ఫ్యాక్టరీ అంబులెన్సు ఎక్కించాలి. హెడ్డాఫీసు ఇన్‌స్పెక్టరు దగ్గరుండి మార్కులు వేస్తాడు. ఇప్పటికే రెండుసార్లు తప్పారు. మూడోసారీ తప్పితే సారుని మూతల గోదాములో కూర్చోబెడతానని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

పోయినసారైతే రోగి వేషం వేసిన వాచ్‌మన్ మధ్యలో లేచి, “నాకేం కాలేదు బాబూ” అంటూ టీకి వెళ్లిపోయాడు. అతని వెనకాలే అందరూ వెళ్లిపోయారు. గోడ మీద నాలుగు సూత్రాలు అప్పటికే ఉన్నాయి: ముఖం ఒక పక్కకి జారిందా, రెండు చేతులూ లేస్తున్నాయా, మాట ముద్దగా వస్తోందా, టైము చూశారా. సారు ఆ కడుపుమంటతో వాటి కింద ఎర్ర ఇంకుతో ఐదోది రాయించాడు: “నాకేం కాలేదని రోగి అంటాడు. నమ్మొద్దు.” వారం రోజులు అందరి చేతా వల్లె వేయించాడు. ఒక్కరికైనా బుర్రకెక్కిందన్న నమ్మకం మాత్రం ఆయనకి లేదు.

“ఉప్పునీళ్లు పుక్కిలించండి. వారం, పదిరోజుల్లో అదే మానుతుంది” అంది భార్య.

“పదిరోజులా? నాకున్నది మూడు గంటలు!”

“మీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని పుండుకేం తెలుసు? ఆ పక్క పన్ను విరిగి నెలైంది, డాక్టరుకి చూపించుకోండని మొత్తుకున్నానా? ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి!”

ఆవిడ నీళ్లు కాచేలోపే సారు చెప్పులేసుకుని మందుల షాపుకి పరుగెత్తాడు. ఒకటి కాదు, రెండు మందులు కొన్నాడు. పుండు మీద పూసే ఊదారంగు మందు ఒకటి, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే జెల్ ఒకటి.

“జెల్ పెసరగింజంత చాలండీ. ఊదామందు మాత్రం అంటితే వదలదు, చూసుకోండి” అన్నాడు షాపాయన.

పెసరగింజంత మందుతో అరగంట ఉపన్యాసం ఎలా నడుస్తుంది? సారు ఆఫీసు బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని సగం ట్యూబు పిండేశాడు. విరిగిన పన్ను గీసుకోకుండా ఎడమ దవడలో ఇంత దూది కుక్కాడు. ఊదామందు పూస్తుండగా నెత్తిమీద హూటరు మోగింది. చెయ్యి అదిరి సీసాలో సగం పెదాల మీద ఒలికింది. సబ్బుతో రుద్దితే అది గడ్డం దాకా పాకింది. ఇంతలో పెదాలు, బుగ్గ, నాలుక అన్నీ మొద్దుబారాయి. నోట్లో ఉన్న నాలుక ఎవరిదో అనిపించింది. పెదవి చివర నుంచి చొంగ కారుతుంటే ఎడమచేత్తో రుమాలు అదిమిపట్టుకుని హాల్లోకి వెళ్లాడు.

అరవై మంది ఎదురుగా కూర్చున్నారు. ముందు వరసలో, శిక్షణ క్లాసులన్నిట్లో తల ఎత్తకుండా మూతలు లెక్కపెట్టుకునే ప్యాకింగ్ అక్క కూడా ఉంది.

“బియమైన ఫోదరులాలా...” అని మొదలుపెట్టాడు సారు.

ప్యాకింగ్ అక్క మూతల సంచి కింద పెట్టి లేచి నిలబడింది. “సార్, ఒక్కసారి నవ్వండి.”

నవ్వేదేముంది, ఒళ్లు మండిపోతుంటే! అయినా గొడవెందుకని నవ్వాడు. కుడి బుగ్గ లేచింది, ఎడమది లేవలేదు.

“ముఖం జారింది!” అని అక్క వెనక్కి కేకేసింది. “సార్, రెండు చేతులూ ఎత్తండి.”

కూర్చోమని చెప్పడానికి సారు కుడిచెయ్యి ఎత్తాడు. ఎడమచెయ్యి రుమాలుతో నోటి దగ్గరే ఉండిపోయింది.

“ఒక చెయ్యే లేస్తోందిరా! పెదాలు చూడండి, ఎలా నల్లబడిపోయాయో!”

“నాఖేం ఖాలేదు!” అని అరిచాడు సారు.

అరవై గొంతులు ఒక్కసారిగా పలికాయి: “నమ్మొద్దు!”

సారు గబగబా కాగితం లాక్కుని, నాలుక మీద పుండు, మందు వేసుకున్నాను అని రాసి ఇచ్చాడు. ఆయన రాత ఇరవయ్యేళ్లుగా ఆఫీసులో ఎవరికీ అర్థమైన పాపాన పోలేదు. ప్రెస్సు ఆపరేటరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “రాత కూడా పోయిందక్కా.”

“టైమెంత?”

“పదీ ఏడు.”

అక్క మార్కర్ తీసి సారు చొక్కా మీదే 10.07 అని పెద్దగా రాసింది. నలుగురు స్ట్రెచర్ తెచ్చారు. సారు కాళ్లు తన్నుకుంటే ఇద్దరు మెత్తగా పట్టుకున్నారు, ఒకరు ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టారు, ఒకరు ముందు పరుగెత్తి దారి ఖాళీ చేయించారు. నీళ్లు తాగించబోయిన ముసలాయన చేతి మీద అక్క ఒక్కటి వేసింది. “తాగించకూడదని సారు చెప్పలేదూ!”

ఆ మాట వినగానే సారు తన్నుకోవడం మానేశాడు. ఇన్నాళ్లూ గోడకి చెప్పుకున్నట్టు చెప్పాననుకున్నాడు. గోడ విననే లేదు కానీ వీళ్లు అక్షరం పొల్లుపోకుండా విన్నారు. ఆయనకి దుఃఖం, సంతోషం ఒకేసారి పొంగుకొచ్చి కంట్లోంచి నీళ్లు కారాయి. అక్క ఆ సంగతి కూడా టైముతో సహా చొక్కా మీద రాసింది.

గేటు దగ్గర అప్పుడే కారు దిగిన ఇన్‌స్పెక్టరు చేతిలో ప్యాడుతో అంబులెన్సు వెనకాలే బయల్దేరాడు.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ టార్చి వేసి నోట్లోంచి దూది బయటికి లాగింది. “పక్షవాతమూ లేదు, గుండెజబ్బూ లేదు. విరిగిన పన్ను గీసుకుని పుండు పడింది, అంతే. పన్ను అంచు పళ్ల డాక్టరు చేత అరగదీయించుకోండి. ఉప్పునీళ్లు పుక్కిలించండి. రెండు వారాల్లో మానకపోతే మళ్లీ రండి. మిగతా సగం ట్యూబు మాత్రం ఇలా ఇచ్చెయ్యండి.”

అప్పటికే భార్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసింది. కాళ్లకి రెండు రకాల చెప్పులున్నాయి. ఒక్క మాట కూడా దెప్పలేదు. అది చూసి సారుకి పుండు కన్నా ఎక్కువ నొప్పేసింది.

ఇంతలో ఇన్‌స్పెక్టరు ప్యాడుతో లోపలికొచ్చాడు. “అద్భుతం! మీ డ్రిల్లు లాంటిది నేను ఇంతవరకూ చూడలేదు. పదిహేడు నిమిషాల్లో ఆసుపత్రి చేర్చారు! మీరు పాసయ్యారు. ఒక్క అర మార్కు తగ్గించాను. రోగి నటన కొంచెం అతి అయింది. ఆ ఊదారంగు మేకప్ నిజమైన రోగికి ఎక్కడైనా ఉంటుందా?”

సారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. నాలుకకి ప్రాణం వచ్చింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

“పుక్కిలించండి” అంటూ భార్య గ్లాసు నోటికి పెట్టింది. సారు నోటినిండా ఉప్పునీళ్లతో తల అడ్డంగా ఊపుతుంటే, వినయమనుకుని ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు.

“అన్నట్టు, మీ వాచ్‌మన్ మూడో ప్రెస్సు దగ్గర నేలమీద పడి గురక పెడుతున్నాడని ఫోనొచ్చింది. ఏమిటది?” అన్నాడు వెళుతూ వెళుతూ. జవాబు కోసం ఆగలేదు.

సారు నీళ్లు ఉమ్మేసి చూసేసరికి గుమ్మంలో ప్యాకింగ్ అక్క, ఆమె వెనక ప్రెస్సు ఆపరేటరు, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

“ఎలా ఉంది సార్?” అంది అక్క.

“నాకేం కాలేదమ్మా” అన్నాడు సారు, ప్రతి అక్షరం స్పష్టంగా.

ఎవరూ నమ్మలేదు.