పడవలో రెండో బల్ల

ఆ శనివారం పొద్దున చెన్నకేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు కరెంటు రంపం ఆన్ చేయాలి. ఎనిమిదింటికల్లా పడవకు కింద వేయాల్సిన తొమ్మిది చెక్కలూ కోసేయాలి. తర్వాత స్నానం చేసి, రాత్రి మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని తినాలి. తింటూ మాట్లాడటానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి తొమ్మిదికల్లా అన్ని పనులూ అయిపోతాయి. ఆ తర్వాత పడుకునేదాకా ఏం చేయాలన్నది మాత్రం పథకంలో లేదు. రెండేళ్ళుగా ఆయన వేసుకున్న ఏ పథకంలోనూ అది లేదు.

అచ్చంపేట మండలంలో కృష్ణ ఒడ్డునే ఉన్న ఆ ఊళ్ళో ఆయన్ని గేజు కేశవులు అంటారు. నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు గేజు రీడరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దునా సాయంత్రం రేవుకు వెళ్ళి, అక్కడ పాతిన గేజు బోర్డు మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి, ఆ అంకె పై ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా కాళ్ళు ఊరుకోవు. ఇప్పటికీ రెండు పూటలా వెళ్ళి చూసొచ్చి గోడమీది క్యాలెండరులో అంకె వేసుకుంటాడు. ఇప్పుడా అంకె అడిగేవాళ్ళు లేరు.

అన్నేళ్ళు నదిని కొలిచిన మనిషి ఒక్కసారి కూడా దానిమీద ప్రయాణం చేయలేదు. భార్య బసవమ్మ పుట్టిల్లు సరిగ్గా అవతలి ఒడ్డునే ఉంది. దీపాలు పెడితే ఇక్కడికి కనిపిస్తాయి గానీ బస్సులో వెళ్ళాలంటే మూడు బస్సులు మారాలి. "ఒక్కసారి పడవలో పోదామయ్యా" అని ఆవిడ ఏటా అడిగేది. ఈయన "చూద్దాంలే" అనేవాడు. చూద్దాంలే అంటుండగానే రెండేళ్ళ కిందట బసవమ్మ జ్వరం వచ్చి చనిపోయింది. పడవ చేయాలన్న ఆలోచన అక్కణ్ణుంచి వచ్చింది. చిన్న పడవ, కూర్చోవడానికి రెండు అడ్డబల్లలు. ఒకదానిమీద తాను కూర్చుంటాడు. రెండోదానిమీద ఎవరన్నది మొన్నమొన్నటిదాకా పెద్ద ప్రశ్న కాదు, ఎందుకంటే అప్పుడు దేవానందం వస్తుండేవాడు.

దేవానందం వడ్రంగి. ఒకటో తరగతి నుంచి ఇద్దరూ ఒకే బెంచీ. నాలుగిళ్ళ అవతల ఉంటాడు. ఊళ్ళో రెడీమేడ్ తలుపులు దిగాక పనిముట్లన్నీ అటకెక్కించేశాడు. పడవ సంగతి వినగానే అన్నీ కిందికి దించాడు. ఆర్నెల్లు ఇద్దరూ కలిసి పక్క చెక్కలు బిగించారు, బల్లలు అమర్చారు. పని తక్కువ, వాదన ఎక్కువ. ఆ వాదన ఎప్పుడూ రంపం గురించే. ఫోనులో పరదేశీల వీడియోలు చూసిన చెన్నకేశవులు కరెంటు రంపం పక్షం. చేతిరంపం చెక్క నారను బట్టి పోతుందనీ, మిషనైతే అంచు మాడ్చి పెడుతుందనీ, మాడిన అంచు అతుక్కోక నీళ్ళు కారతాయనీ దేవానందం పక్షం. చివరికి ఒకరోజు చెన్నకేశవులు చెప్పాపెట్టకుండా మిషను తెప్పించాడు.

"మనకు ఇద్దరం లాగే రంపం ఉందిగా?" అన్నాడు దేవానందం, ఆ డబ్బా వంక చూస్తూ.

"ఎవురు లాగతార్రా గంటలు గంటలు? దీనికి ఇద్దరక్కర్లా. ఒక్కడు చాలు."

"అంతే మరి. ఒక్కడు చాలు," అని దేవానందం తన పెద్ద రంపాన్ని గోనెపట్టాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

తానేం అన్నాడో చెన్నకేశవులుకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి వెళ్ళి పిలవడానికి సిగ్గు అడ్డమొచ్చింది. సిగ్గు కాస్తా మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ మిషను డబ్బాలోనే ఉంది.

ఆ శనివారం రేవుకు వెళ్ళొచ్చి దాన్ని పనిబల్లకు బిగించి, వైరు నీళ్ళ మోటారు ప్లగ్గులో పెట్టి, స్విచ్చి వేశాడు. రంపం గుర్రుమంది. మొదటి చెక్క ఆనించాడు. జానెడు కోసి పళ్ళు పట్టేశాయి. మిషను మూలిగింది. వీధి స్తంభం మీద ఢామ్మని మెరుపు లేచింది. వీధి మొత్తానికి కరెంటు పోయింది.

అర నిమిషంలో ఎదురింటి శేషమ్మ మిక్సీ మూత చేత్తో పట్టుకుని వచ్చింది. పక్కింటి హజ్రా బీ నీళ్ళ పైపు చేత్తో పట్టుకుని వచ్చింది. బసవమ్మ పోయాక ఆ దొడ్లో ఇద్దరూ అడుగుపెట్టడం అదే మొదలు.

"చట్నీ సగంలో ఆగిపోయింది. ఏం చేశావ్ బాబాయ్?" అని గదమాయించబోయిన శేషమ్మ, ఇటుకల మీద నిలబెట్టి, వానకు తడవకుండా పైన నీలం పట్టా కప్పిన ఆకారాన్ని చూసి ఆగిపోయింది. "ఏంది ఇది?"

"పడవమ్మా."

"పడవెందుకు?"

"నీళ్ళమీద పోటానికి."

హజ్రా బీ చేతిలో పైపు జారిపోయింది. "ఊళ్ళోకి నీళ్ళొస్తయ్యా అన్నా?"

"రావు" అంటే అక్కడితో అయిపోయేది. కానీ అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. చేరిన మొదటిరోజే పెద్ద ఇంజనీరు చెప్పాడు: అంకె చెప్పు, భరోసా మాత్రం ఇవ్వకు. చెన్నకేశవులు దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు.

"ఇయ్యాలైతే గేజు మామూలుగానే ఉందమ్మా. రేపటి సంగతి నేనెట్టా చెప్తా? నది గదా, వస్తే రావచ్చు."

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకప్పుడు ఊళ్ళోకి పెద్ద వరద వచ్చిన ఏడు కూడా ఆయన అచ్చంగా ఇదే మాట అన్నాడు. ఊరంతా నవ్వింది. మర్నాటికి వీధుల్లో మొలలోతు నీళ్ళు. ఇప్పుడదే మనిషి అదే మాట అంటూ, పైగా పడవ కూడా చేసుకుంటున్నాడు.

"ఎంతమంది పడతారు బాబాయ్?" అంది శేషమ్మ గొంతు తగ్గించి.

"ఇద్దరమ్మా."

పావుగంటలో శేషమ్మ మళ్ళీ వచ్చింది, ఆరు వేడి ఇడ్లీలతో, సగం నలిగిన చట్నీతో. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంకోటి ఏసుకో, నాకు ఈత రాదు బాబాయ్," అంది. ఆవిడ ఎందుకొచ్చిందో చెన్నకేశవులుకు అప్పుడు తెలిసింది. చెప్పేయాలనుకున్నాడు. కానీ తాను తింటుంటే ఎదురుగా మనిషి కూర్చుని రెండేళ్ళయింది. చెప్పడానికి బదులు ఐదో ఇడ్లీ తిన్నాడు.

హజ్రా బీ గంప పట్టుకుని వచ్చింది. "నాకు సీటొద్దన్నా. నా మూడు కోళ్ళు. బల్ల కింద పడుంటయ్, నోరెత్తవు." వెనకాలే కాఫీ ఒకరు, ఉప్మా ఒకరు, గారెలు ఒకరు తెచ్చారు. వరద వస్తోందని ఎవరో ఫోను గ్రూపులో పెట్టారు. తొమ్మిదింటికి ఎత్తుమీదున్న ఊరి బడిలోకి బియ్యం బస్తాలు చేరుతున్నాయి. మాజీ సర్పంచి వీరాంజనేయులు తన నాలుగు గేదెల్నీ గట్టుమీదికి తోలించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆరుగురు మనుషులతో దిగాడు.

"మామా, రెండో సీటు ఊరిది. ఊరి తరఫున నేను కూచుంటా. నాకేం సరదా కాదు, బాధ్యత," అన్నాడు.

"ఊరంతా మునిగితే నువ్వెవరికి సర్పంచివి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. దాంతో పెద్ద గొడవ లేచింది.

చెన్నకేశవులుకు సంతోషంగా ఉంది. సిగ్గుపడాల్సినంత సంతోషంగా ఉంది. దొడ్డినిండా జనం. ఎవరు ఏమడిగినా ముందు గేజు ఎంతుందో చెప్పి, తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళ సంగతులు చెప్పాడు. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. మధ్యమధ్యలో మాత్రం ఆయన చూపు గేటు మీదికి పోయేది. ఊళ్ళో ఇంకా రావాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు. నాలుగిళ్ళ దూరం నుంచి రావాలి.

పదకొండు గంటల ఎండలో నలుగురు మనుషులు ఒక నులకమంచం మోసుకుంటూ గేటు ముందునుంచి వెళ్ళారు. మంచంమీద శేషమ్మ అత్తగారు ఉంది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ, మందుల సంచి గుండెలకు హత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. గట్టుమీదికి తీసుకుపోతున్నారు. అది చూసేసరికి చెన్నకేశవులు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. నిజం చెబితే దొడ్డి ఖాళీ అవుతుందని ఆయనకు తెలుసు. నీళ్ళ తొట్టి గట్టు ఎక్కి నిలబడ్డాడు.

"ఆ మంచం దించండ్రా! నీళ్ళు రావు! ఊరికే షికారుకని చేసుకున్నా ఈ పడవ. నీళ్ళు రావు!"

మంచం మోసేవాళ్ళు ఆగారు. తర్వాత శేషమ్మ నెమ్మదిగా అంది: "ఎప్పుడన్నా ఆ మాటన్నాడా ఈయన? ఇయ్యాల రావంటున్నాడంటే, ఎంత నీళ్ళొస్తున్నయ్యో!"

"మనల్ని ఇళ్ళకు పంపించి తను పోదామని!" అన్నాడు వీరాంజనేయులు. "నిజం చెప్పు మామా. రెండో సీటు ఎవురికి రాశావ్?"

"దేవానందానికి."

అనేశాక గానీ ఆయనకే తెలియలేదు, తాను అంత గట్టిగా అన్నట్టు.

"మీ ఇద్దరికీ మాటల్లేవు గదా! ఆయన అడగను కూడా లేదు!"

"అడక్కపోయినా వాడిదే. వస్తే కూచుంటాడు. రాకపోతే ఖాళీగా ఉంటది."

"ఇంత జనం ఉండగా సీటు ఖాళీగా ఉంచుతావా? ఇది అన్యాయం!" అంటూ వీరాంజనేయులు పంచె ఎగగట్టి, ఒక కాలు పడవ అంచుమీద వేసి, నీలం పట్టా మీదికి ఒక్క దూకు దూకాడు. పట్టా పర్రున చిరిగింది. ఆయన రెండు బల్లల మధ్యగా దిగి, పడవలోంచి కిందికి పోయి, దొడ్డి మట్టిలో రెండు కాళ్ళమీదా నిలబడ్డాడు. పడవ ఆయన నడుముచుట్టూ ఉంది.

జనమంతా వంగి చూశారు.

"కింద చెక్కలేవి?" అన్నాడు వీరాంజనేయులు.

"కొయ్యాలి. పొద్దున అవి కోద్దామనే రంపం ఏశా. కరెంటు పోయింది."

"వరదొచ్చేటప్పుడు అడుగు లేని పడవ పెట్టుకుని కూచుంటారా ఎవరన్నా?" అని మొదట శేషమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూనే ఎవరి టిఫిను గిన్నెలు వాళ్ళు తీసుకున్నారు. కింద చెక్కలు కూడా లేని పడవ మీద ఆశ పెట్టుకున్నందుకు కాస్త సిగ్గుగానూ ఉంది, కాబట్టి త్వరగానే వెళ్ళారు. హజ్రా బీ కోళ్ళను లెక్కపెట్టుకుని వెళ్ళింది. ముసలమ్మ మంచం వెనక్కి తిరిగింది. వీరాంజనేయులు, "గట్టిగా ఉందో లేదో చూద్దామనే దూకా," అని చెప్పి, చొక్కా దులుపుకుంటూ వెళ్ళాడు.

పన్నెండింటికి దొడ్డి ఎప్పటిలాగే ఉంది. గేటు దగ్గర ఎవరిదో ఒక చెప్పు మిగిలింది. ఆ చెప్పుకోసమైనా ఎవరో ఒకరు వస్తారని చెన్నకేశవులు చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. జనం వచ్చి వెళ్ళాక ఒంటరితనం ముందటికంటే పెద్దదవుతుందని ఆయనకు ఇంతకుముందు తెలియదు. మజ్జిగన్నం కలుపుకున్నాడు గానీ తినలేకపోయాడు.

మూడింటికి గేటు చప్పుడైంది. దేవానందం గోనెపట్టా చుట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకు సీటు రాశావంట."

"అవును."

"నన్నడక్కుండా ఎట్టా రాస్తావురా?"

"అడుగుదామంటే నువ్వు రావట్లేదుగా."

"నువ్వు రాగూడదా? నా ఇల్లు యాడికన్నా పోయిందా?"

చెన్నకేశవులు చిరిగిన పట్టా వంక చూస్తూ, "ఒక్కడు చాలన్నా గదరా ఆ రోజు," అన్నాడు. "చాలట్లా."

దేవానందం వెళ్ళి పడవలోకి తొంగి చూశాడు. మిషనులో ఇరుక్కున్న చెక్కను పీకి, అంచు వాసన చూసి, "మాడ్చావ్," అన్నాడు. ఆ ఒక్క మాటలో మూడు నెలల వాదన గెలిచిన తృప్తి ఉంది. తర్వాత గోనెపట్టా విప్పాడు. ఇద్దరు లాగే పెద్ద రంపం కొత్తగా సానపట్టి ఉంది.

"ఆ చివర పట్టుకో. నీ వంతు వచ్చినప్పుడు లాగు. నేను లాగేటప్పుడు వదులు. నెట్టావంటే వంగిపోద్ది, నెట్టమాక."

మొదటి చెక్క ముగిసేసరికి చెన్నకేశవులు భుజాలు పట్టేశాయి. రెండో చెక్కకు చేతులు ఒక లెక్కలో పడ్డాయి. ఐదింటికి మూడో చెక్క మీద ఉండగా లైన్‌మన్ కరెంటు బాగుచేసి స్తంభం దిగినట్టున్నాడు, పొద్దున ఆపడం మరిచిపోయిన మిషను ఉన్నట్టుండి పనిబల్లమీద గర్జించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చెన్నకేశవులు వెళ్ళి ప్లగ్గు పీకేసి, వచ్చి తన చివర పట్టుకున్నాడు.

"లాగు," అన్నాడు.

తొమ్మిది చెక్కల్లో మూడయ్యాయి. పొద్దు వాలుతుండగా ఆయన అలవాటు ప్రకారం రేవుకు వెళ్ళొచ్చి క్యాలెండరులో అంకె వేశాడు. అరుగుమీద కూర్చుని మజ్జిగన్నం తింటున్న దేవానందం తలెత్తాడు.

"ఎంతుందిరా?"

ఒకప్పుడు ఆఫీసుకు ఫోనులో చెప్పినట్టే చెన్నకేశవులు అంకె చెప్పాడు. పొద్దున్నకూ సాయంత్రానికీ నది అంగుళం కూడా మారలేదు.

వీరాంజనేయులు మాత్రం గేదెల్ని సోమవారం దాకా గట్టుమీదనే ఉంచాడు.