నాలుగు మైక్రాన్లు

ఆ రోజు పొద్దున్న ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కొనేవాళ్లు వస్తారు. లేజర్ కిరణం బల్లమీది ఇనుప దిమ్మపై పడుతుంది. ఆ దిమ్మ ఎంత దూరంలో ఉందో అతని పెట్టె తెరమీద అంకెగా చూపిస్తుంది. వాళ్లు సంతకం పెట్టి వెళ్లిపోతారు. లేజర్ పంపే సంకేతాన్ని అంకెగా మార్చే ఆ పెట్టెకోసం అతను మూడేళ్లు ధారపోశాడు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. రోజుకు ఇరవైసార్లు ఆ మాట అనందే పొద్దుపోదు గనక ఆఫీసంతా అతన్ని మైక్రాన్‌గారు అనేది. ఈ ఆర్డరు రాకపోతే విభాగం మూసేసి అతన్ని అమ్మకాల్లోకి పంపుతానని మేనేజరు ముందే చెప్పాడు. మనుషులతో మాట్లాడే ఉద్యోగమంటే అతనికి ప్రాణం మీదికొచ్చినట్టే.

ఎనిమిదింటికి స్విచ్చి వేసి బల్ల ముందు కూర్చున్నాడు. దిమ్మ కదల్లేదు. అంకె మాత్రం నాలుగు మైక్రాన్లు అటూ ఇటూ ఊగుతోంది.

"ఇదంతా లిఫ్టు అదురు," అన్నాడు, తలుపు దగ్గర కూర్చునే టెస్టింగ్ మేడమ్‌తో. "నేను వెళ్లి ఆపిస్తాను. మీరు తెర చూస్తూ ఉండండి."

లిఫ్టు ఆపించి అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. "ఇప్పుడెలా ఉంది?"

"రాయిలా నిలబడింది సార్."

పరుగున వచ్చి కూర్చున్నాడు. అంకె మళ్లీ ఊగింది.

"అయితే ఏసీ పాత్ర కూడా ఉంది," అన్నాడు.

ఏసీ ఆపించడానికి వెళ్లాడు, అంకె నిలబడింది. తిరిగొచ్చాడు, ఊగింది. నీళ్ల మోటారు ఆపించాడు. కింది అంతస్తులో డ్రిల్లింగు మిషన్లు ఆపించాడు. ఫోన్లో ప్రతిసారీ శుభవార్తే, వచ్చి కూర్చుంటే కథ మొదటికే. తొమ్మిదిన్నరకల్లా స్టోర్సువాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఇంజనీరు కాలు కాలిన పిల్లిలా అంతస్తులన్నీ తిరిగి, చివరికి మేనేజరు గదిలో తేలాడు. మేనేజరు కాస్త భారీ మనిషి.

"సార్, పదకొండు దాకా మీరు కుర్చీలోంచి లేవకూడదు."

"నేను లేస్తే బిల్డింగు వంగుతుందా?"

"నాలుగు మైక్రాన్లు సార్."

మేనేజరు లేవలేదు. ఆ తర్వాత అతనితో మాట్లాడనూ లేదు.

కొనే కంపెనీ తరఫున వచ్చిన పెద్దావిడ నాలుగు అంతస్తులు మెట్లెక్కి, రొప్పుతూ వచ్చి ఇంజనీరు పక్క కుర్చీలో కూలబడింది.

"మీ లిఫ్టు పనిచెయ్యదా?"

"చేస్తుందండీ. మేమే ఆపేశాం."

"మరి ఏసీ?"

"అదీ ఆపేశామండీ."

ఆవిడ చెమట తుడుచుకుని తెరవైపు చూసింది. అంకె ఊగుతోంది. మూడేళ్ల కష్టం కళ్లముందే మట్టిపాలవుతోంది, ఇంజనీరుకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ తెరను చూసింది, దిమ్మను చూసింది, తర్వాత వంగి బల్లకింద చూసింది.

"బాబూ, కాస్త ఆ కాలు ఊపడం ఆపుతావా?"

ఆపాడు. బల్లకు ఆనుకుని ఉన్న మోకాలు ఆగింది, అంకె ఆగింది. కంగారు పడితే కాలు ఊపుతావని భార్య పదేళ్లుగా చెబుతూనే ఉంది. పాపం, ఆ ఇల్లాలికి ఇంత కచ్చితమైన ఆధారం ఎప్పుడూ దొరకలేదు.

"మళ్లీ ఊపు," అంది పెద్దావిడ. ఊగింది. "ఆపు." ఆగింది.

ఆవిడ సంచిలోంచి పెన్ను తీసింది. "మా మిషన్లలో ఇంత సన్నటి అదురును పట్టే పెట్టెకోసం ఏడాదిగా తిరుగుతున్నాం. నలభై పంపండి. బిగించేటప్పుడు మాత్రం ఈ అబ్బాయిని దూరంగా కూర్చోబెట్టండి."

ఆ పూట కంపెనీ మొత్తంలో పనిచేసింది ఆ పెట్టె ఒక్కటే.