మెడకు ఢోకా లేని అమ్మాయి

"ఇకమీదట నా మెడలో ఎవరూ దండ వేయరాదు" అని రాత్రికి రాత్రే వెలసిన ఉద్దానం మెడ పరిరక్షణ మండలి చైర్మన్ యుగంధర్ గారు పలాస సభలో ప్రకటించగానే జనం నిశ్చేష్టులయ్యారు. క్రేన్‌కు వేలాడుతున్న జీడిపప్పు గజమాల గాల్లోనే ఆగిపోయింది. పదవి వదులుకున్న నాయకుల గురించి విన్నాను గాని, దండ వదులుకున్నవాణ్ణి చూడటం నా విలేకరి జీవితంలో ఇదే మొదలు. నాకు కళ్ళు చెమర్చాయి.

కారణం ఆయనే సెలవిచ్చారు. ముందురోజు టెక్కలిలో వేడి పకోడీ తింటూ పొట్లం కాగితం చదివారట. ఎప్పటి పేపరో తెలియదు. మెడలోని సిరలు ఇరుకైతే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు రావచ్చని అందులో ఉంది. ఎం.ఎస్. అంటారు. మెదడులోనూ వెన్నులోనూ నరాల మీది పొర దెబ్బతిని, కాళ్ళూ చేతులూ మనిషి మాట వినడం మానేస్తాయి. ఆ వార్త రెండో సగం పీఏ గోవిందరావు గారి పొట్లానికి పోయింది. ఆయన దాంతో చేతులు తుడుచుకున్నారు.

"ఉద్దానంలో ఒక్క మెడ కూడా ఇరుకవడానికి వీల్లేదు!" అన్నారు చైర్మన్ గారు.

"బాబూ, మాకు పోతన్నవి కిడ్నీలండి. మెడలు బాగానే ఉన్నాయి" అన్నాడు నందిగాం రైతు సూర్యం, కూర్చున్న చోటినుంచే.

"కిడ్నీలు పాత సబ్జెక్టు. మేం కొత్త అవయవం తీసుకున్నాం."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

అప్పుడే బారువలో ఎండుచేపలు అమ్ముకునే కాసులమ్మ కూతుర్ని వీపున మోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. కూతురు గౌతమి డిగ్రీ చదివి పిల్లలకు ట్యూషన్లు చెప్పేది. అంత సభలోనూ నిజంగా ఎం.ఎస్. ఉన్నది ఆ అమ్మాయి ఒక్కర్తికే.

"బాబూ, సూది మందు ఏసుకుంతే మా పిల్ల గోడట్టుకుని నడుత్తాది. మానీసిందంతే మంచాన పడిపోద్ది. ఆ మందుకి నెలనెలా ఇసాపట్నం మొయ్యలేకపోతన్నాను. టెక్కల్లోనే ఇప్పించండి బాబూ" అంది కాసులమ్మ.

"ఒక్క నీ కూతురికేనా? ఎం.ఎస్. రోగులందరికీ టెక్కలిలోనే ఇప్పిస్తా!" అన్నారు చైర్మన్ గారు. కాసులమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టబోయింది. వీపున కూతురు ఉండటం వల్ల వంగలేకపోయింది.

ఇచ్చిన మాట మీద ఆయన ఎంత వేగంగా పనిచేశారంటే, విశాఖలో గౌతమి పేరున ఉన్న మందు ఆ నెలలోనే టెక్కలికి బదిలీ అయిపోయింది. ఇక మిగిలింది రోగుల్ని గుర్తించడమే. టెక్కలిలో మెడ స్కానింగ్ మహా శిబిరం పెట్టారు. బయటినుంచి న్యూరాలజిస్టు ప్రమోదిని గారిని రప్పించారు. ఆవిడ వచ్చీ రాగానే శుభమా అని అడ్డుపుల్ల వేశారు.

"సార్, ఇది ఒకప్పటి అనుమానం. తర్వాత పరీక్షలు చేసి చూశారు. ఏ జబ్బూ లేనివాళ్ళ మెడల్లోనూ ఇరుకు సిరలు కనిపించాయి. వాటిని వెడల్పు చేసినా రోగులకు మేలు జరగలేదు."

"ముందు సంబంధం ఉండొచ్చన్నారా, లేదా?"

"అన్నారు. తర్వాత లేదని తేల్చారు."

"డాక్టరమ్మా, మాది మొదట అన్న మాట మీద నిలబడే పార్టీ."

ఆవిడ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు. స్కానింగ్ మిషను మాత్రం ఉండిపోయింది.

మిషను కింద మొదట పడుకున్నది చైర్మన్ గారే. రెండు సిరలూ ఇరుకని తేలింది! "రెండు పక్కలా!" అంటూ కార్యకర్తలు టపాసులు కాల్చారు. తర్వాత మండల నాయకుడు శివాజీకి ఒక పక్క ఇరుకు. పీఏ గారికి స్కాన్‌లో ఏమీ కనపడలేదు గాని, బయట నిలబడి బతిమాలితే మళ్ళీ తీసి కొంచెం ఇరుకు చేశారు. ఇరుకున్నవాళ్ళకి మెడ కార్డు, బస్సులో ముందు సీటు, నెలనెలా టెక్కలి మందు. సాయంత్రానికి పార్టీలో రోగి కానివాడు లేడు. కార్డు వచ్చినవాళ్ళు నాకు మిఠాయిలు పంచారు. నేను తిన్నాను.

ఆఖర్న గౌతమిని పడుకోబెట్టారు. రెండు సిరలూ శుభ్రంగా, విశాలంగా ఉన్నాయి.

"జబ్బు లేదమ్మా, సంతోషించు" అన్నారు చైర్మన్ గారు.

"నేకపోతే మరి ఇదెందుకు నెగిసి నిలబడనేకపోతన్నాది బాబూ?" అంది కాసులమ్మ.

"అది ఆ అమ్మాయి వ్యక్తిగత విషయం."

శివాజీ తనకు అందిన సూది మందు పెట్టె చేత్తో తిప్పి చూసుకుంటున్నాడు. "అన్నా, ఇదిప్పుడు పొడిపించుకోవాలేటి?" అని అడిగాడు కొంచెం భయంగా.

"అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకో. మందు ప్రజల చేతుల్లో ఉండాలి, ఒంట్లో ఉండక్కర్లేదు."

ఇంత లోతైన మాట నేను ఈమధ్య వినలేదు. నోట్ చేసుకున్నాను.

"సార్," అంది గౌతమి. గొంతు మెల్లగా ఉన్నా మాట తడబడలేదు. "విశాఖలో అడిగితే టెక్కలికి పంపేశామన్నారు. ఇక్కడికి వస్తే నాకు జబ్బే లేదంటున్నారు. ఫ్రిజ్‌లో పెట్టుకునే ఆ మందు నాకు ఇప్పించండి. ఈ నెలది తప్పిపోతే నేను మళ్ళీ నడుస్తానో లేదో నాకే తెలీదు."

చైర్మన్ గారు కదిలిపోయారు. ఆయన కళ్ళజోడు తీసి తుడవడం నేను కళ్ళారా చూశాను. "తల్లీ, ఏదైనా అడుగు. ఆరోగ్యవంతులకి మందిచ్చే పాపం మాత్రం నాచేత చేయించకు" అన్నారు. అక్కడితో ఆగలేదు, మహానుభావుడు. శిబిరం మొత్తం మీద మెడ బాగున్నది ఆమె ఒక్కదానికే కాబట్టి, 'ఉద్దానం ఆరోగ్య రత్న' బిరుదు ఇచ్చి, ఇత్తడి షీల్డు అప్పటికప్పుడు బహూకరించారు.

"నిలబడి తీసుకుంటే ఫొటో బాగుంటుందమ్మా" అన్నాను.

కాసులమ్మ ఒక పక్కనా శివాజీ ఒక పక్కనా రెక్కలు పట్టుకుని గౌతమిని లేపారు. షీల్డు బరువుకి ఆమె ముందుకు తూలింది. తల్లి కూతురి నడుం గట్టిగా పట్టుకుంది. "బేగి తియ్యండి బాబూ, జారిపోతన్నాది" అంది. ఆ క్షణంలోనే తీశాను.

ఇప్పటి ఫోన్లు గొప్పవి. ఫొటోలో వద్దనుకున్న మనుషుల్ని వేలితో రుద్దితే పోతారు. శివాజీని రుద్దాను. కాసులమ్మను కూడా రుద్దాను, ఆవిడ చేతులు పోవడానికి కొంచెం టైం పట్టింది. మర్నాడు జిల్లా పేజీలో, 'బారువ యువతికి సంపూర్ణ ఆరోగ్యం' అన్న శీర్షిక కింద, గౌతమి ఒక్కతే నిలబడి ఉంది.