ఎర్ర సిరా పడని సెలవు చీటీ

మనిషికి కష్టం రావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు గానీ, ఆ కష్టానికి సెలవు దొరకాలంటే మాత్రం మంచి ఇంగ్లీషు కావాలి. ఈ సత్యాన్ని లోకంలో అందరికంటే ముందు గుర్తించిన ఘనత మన కవర్ల మాస్టారు పనిచేసే ఆఫీసుది. గుర్తించి ఊరుకోలేదు. మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన, 'సముచిత పద ప్రయోగ విభాగం' అని ఒకటి తెరిచింది. ఎవరు ఏ ఇంగ్లీషు కాగితం రాసినా ముందు అక్కడికే వెళ్ళాలి. అక్కడ పదాల ఆఫీసరుగారు ఎర్ర కలం పట్టుకుని ప్రిపోజిషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు. (రాసింది నిజమో కాదో చూడటానికి వేరే విభాగం పెట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. అది ప్రస్తుతం ప్రిపోజిషన్ల పరిశీలనలో ఉంది.)

కవర్ల మాస్టారంటే డెస్పాచ్ గుమస్తా. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసు ఉత్తరాలన్నిటికీ కవర్లు అంటించి పంపేది ఆయనే. లోపలేముందో ఏనాడూ చదివిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి ఒకే ఒక్క రోజు సెలవు కావాల్సొచ్చింది. వాళ్ళ నాన్న ఒకప్పుడు పేరున్న దర్జీ. ఇప్పుడు కళ్ళలో శుక్లాలు ముదిరి, మనవరాలిని గొంతును బట్టి గుర్తుపడుతున్నాడు. గురువారం ఆపరేషను. ఆ తేదీ తప్పితే మళ్ళీ నాలుగు నెలలకి గానీ డాక్టరుగారు దొరకరు.

సోమవారం పొద్దున వెళ్ళిన చీటీ మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. "ఇక్కడ 'ఫర్' తగదు." మాస్టారు 'ఫర్' తీసి 'టు' పెట్టారు. "ఇది అంతకన్నా తగదు. ఇందాకటిదే కాస్త నయం." ఎందుకొచ్చిన గొడవని మంగళవారం రెంటినీ పీకేశారు. "ఏదో లోటుగా ఉంది," అని వచ్చింది. పైగా చివర్లో పెట్టిన 'థాంక్యూ' కింద గీత గీసి, ఇంకా ఇవ్వని సెలవుకి కృతజ్ఞతలు చెప్పడం అధికారిని మొహమాటపెట్టడమే అవుతుందని రాశారు.

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. "నా వల్ల కాదక్కా," అంటూ టైపిస్టమ్మ బల్ల ముందు చతికిలబడ్డారు.

టైపిస్టమ్మ అటూ ఇటూ చూసి, సొరుగులోంచి ప్లాస్టిక్ కవర్లో దాచిన పాత కాగితం తీసింది. పదకొండేళ్ళ కిందట స్టోర్ కీపరు తన తండ్రి పోయినప్పుడు ఏడుస్తూ రాసిన సెలవు చీటీ. విభాగం చరిత్రలో ఎర్ర సిరా చుక్క పడకుండా బయటపడ్డ కాగితం అదొక్కటే. అప్పట్నుంచి ఎవరికి ఏ పనికి సెలవు కావాలన్నా దాన్నే పొల్లుపోకుండా దించి, తేదీ మార్చుకుంటారు. ఆ విధంగా నిరుడు ఒక్క ఏడాదిలోనే నలభై ఒక్కమంది తండ్రులు కాలం చేశారు. (అందులో ముగ్గురు అదే సాయంత్రం కొడుకుల్ని స్కూటరు మీద తీసుకెళ్ళడానికి గేటు దగ్గరికొచ్చారు.)

"మా నాన్న నిక్షేపంలా ఉన్నాడక్కా! పోయాడన్న మాట తీసేసి ఆపరేషనని పెట్టుకుంటాను."

"పెట్టుకో తమ్ముడూ. దాని ముందు ఏ ప్రిపోజిషనొస్తుందో తెలుసా?"

మాస్టారికి తెలీదు.

"నాకూ తెలీదు. అందుకే మా చెల్లెలి పెళ్ళికి కూడా మా నాన్నే పోయాడు."

ఆ సాయంత్రం మాస్టారు ఇంట్లో చీటీ దించడానికి కూర్చున్నారు. కన్నతండ్రి పోయాడన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ఆ తండ్రి పక్కనే మంచమ్మీద కూర్చుని, "ఏంట్రా అలా ఊపిరి బిగబట్టావ్?" అన్నాడు. మాస్టారు దాచలేక అంతా చెప్పేశారు.

ముసలాయన గొంతు వచ్చినవైపు తిరిగాడు. "ఎప్పుడు పోయానని రాస్తున్నావ్?"

"రేపు పొద్దున, నాన్నా."

"పోన్లే, గురువారం ఆపరేషనుకి అడ్డం రాదు. రాసెయ్."

బుధవారం పదింటికి వెళ్ళిన చీటీ పదింబావుకి మంజూరై వచ్చింది. "భాష మనసుకు హత్తుకునేలా ఉంది," అని అంచున ఆఫీసరుగారి చేతిరాత.

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. కట్టు విప్పగానే ముసలాయన కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "నీ జుట్టెప్పుడు నెరిసిందిరా?" అన్నాడు. మాస్టారు తండ్రి భుజమ్మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ ఆఫీసరుగారు ఆ చీటీకి ఎంత కదిలిపోయారంటే, కుటుంబానికి తానే సంతాపం తెలుపుతూ ఇంగ్లీషులో ఒక ఉత్తరం మొదలుపెట్టారు. ఎవరు రాసినా నియమం నియమమే గదా! దాన్ని తన విభాగానికే పంపి, తనే పరిశీలించి, తప్పులున్నాయని తనకే తిప్పి పంపుకున్నారు. ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. దుఃఖానికి ముందు 'ఎట్' రావాలో 'ఫర్' రావాలో తేలక ఆయన తిండి కూడా సరిగ్గా తినడంలేదట. సంతాపం పరిశీలనలో ఉందని మాస్టారికి నెలనెలా ఒక మెమో వస్తోంది. (దాన్ని కవర్లో పెట్టి, అంటించి, తనకే పంపుకునేది కూడా మాస్టారే.)

నాలుగో మెమో వచ్చిన రోజు ఆయనకి భయం పట్టుకుంది. "నాన్నా, వెళ్ళి నిజం చెప్పేసి ఆ ఉత్తరం ఆపించనా?"

ముసలాయన కిటికీ వెలుతుర్లో సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎందుకురా పాపం, తీరిగ్గా దిద్దుకోనీ. ఆయన పంపే నాటికి అందులో ఇంగ్లీషు తప్పూ ఉండదు, అబద్ధమూ ఉండదులే."